ఊ కొట్టేవాళ్ళున్న రోజులు

మా ఊళ్ళో పొద్దుగూకుతోందంటే ముందు లాంతరు చిమ్నీ తుడవాలి. పెద్దవాళ్ళ చెయ్యి అందులో పట్టదు గనక అది పిల్లల పని. పిడకల బూడిద జల్లించి, మెత్తటిది ఒక డబ్బాలో పోసి ఉంచేవాళ్ళు. పాతచీర పీలికని ఆ బూడిదలో అద్ది, చిమ్నీలో చెయ్యి దూర్చి మెల్లిగా తిప్పితే నిన్నటి మసంతా పీలికకి అంటుకునేది. గాజు పగిలితే కొత్తదానికి ఉయ్యూరు వెళ్ళాలి, అందుకని ఊపిరి బిగబట్టి తిప్పేదాన్ని. తరవాత వత్తి మాడిన మేర కత్తిరించి, కిరసనాయిలు ఎంత ఉందో ఊపి చూసి, వెలిగించి నట్టింట్లో దూలానికున్న కొక్కేనికి తగిలించేవాళ్ళు. వంటింట్లో ఒక బుడ్డి, పశువుల కొట్టంలో ఇంకో బుడ్డి. అంతే. ఇల్లు మొత్తానికీ అక్షరం కనిపించే వెలుతురు ఆ లాంతరుదే.

టీవీ లేకుండా అందరూ ఎలా కలిసి కూర్చునేవారు నానమ్మా అని అడిగారు కదర్రా, దానికి మొదటి జవాబు ఇదే. వెలుతురు ఒక్కచోటే ఉండేది. చదువుకునేవాడు అక్కడికే రావాలి, బియ్యం ఏరుకునే అమ్మ అక్కడికే రావాలి, జమాఖర్చులు రాసుకునే మా నాన్నా అక్కడికే రావాలి. ఎవరి గదిలోకి వాళ్ళు పోదామన్నా అక్కడ చీకటే. మేమేదో మీకన్నా మంచివాళ్ళం గనక కలిసి కూర్చున్నామని నేను అనను. కూర్చోక తప్పేది కాదు. కానీ అలా రోజూ కూర్చోగా కూర్చోగా ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడం అలవాటైంది. ఆ అలవాటు సంగతే మీకు చెప్పాలి.

ఇలా దగ్గరికి జరగండి. ఆ తాటాకు మట్ట మంటలో వెయ్యరా పెద్దోడా. మూల పెట్టిన దుంగలు మాత్రం ముట్టుకోకు, అవి భోగికి.

చీకటి పూర్తిగా పడకముందే పిల్లల అన్నాలు అయిపోవాలి. మా నాయనమ్మ పెద్ద ఇత్తడి పళ్ళెంలో అన్నం, ముద్దపప్పు, ఇంత ఆవకాయ, నెయ్యి వేసి కలిపి వాకిట్లో నులకమంచం మీద కూర్చునేది. మేమూ, మా బాబాయి పిల్లలూ చుట్టూ నేలమీద. ఎవరికీ కంచం ఉండదు. చెయ్యి చాపితే వరసగా ముద్ద పెట్టుకుంటూ వచ్చేది. ముద్దతో పాటే కథ. కథ నడవాలంటే మేము ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథ ఆగేది, ముద్ద కూడా ఆగేది. నోట్లో అన్నం పెట్టుకునే "ఊ" అనేవాళ్ళం.

ఏడు చేపల కథ మీకూ తెలుసు. పుస్తకంలో అది ఒకటే కథ. మా నాయనమ్మ నోట్లో మాత్రం రోజుకో రకంగా ఉండేది. గడ్డిమేటు మా దొడ్లోదే, మెయ్యని ఆవు మా కపిలావే. పాలేరు ఆవుని ఎందుకు మేపలేదంటే ఆ రోజు పొద్దున మా ఇంట్లో ఏ గొడవ జరిగిందో అదే కారణమయ్యేది. "ఎండని చేప ఎవరిది నాయనమ్మా, పెద్దకొడుకుదా, చిన్నకొడుకుదా?" అని మా తమ్ముడు అడిగితే, ఆ రోజు ఎవడు అల్లరి చేశాడో వాడిది. మా అమ్మ వంటింట్లోంచే నవ్వేది. మమ్మల్ని తిట్టాల్సినవీ, బుజ్జగించాల్సినవీ అన్నీ ఆ కథలోనే అయిపోయేవి. ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూసి చెప్పే కథ అది. ఎవరికి నిద్రొస్తోందో, ఎవరు అలిగారో, ఎవరికి జ్వరం తగిలిందో చూసుకుంటూ చెప్పేది.

ఇట్లాంటి చలికాలంలో మగవాళ్ళ ముచ్చట్లు కళ్ళంలో. డెల్టాలో వరి కోసి కుప్ప వేశాక నూర్పిళ్ళు అయ్యేదాకా రాత్రిళ్ళు కాపలా ఉండాలి. గడ్డి పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని, నడుమ నెగడు వేసుకుని పడుకునేవాళ్ళు. మా పాలేరుకి అక్షరం ముక్క రాదు. బాలనాగమ్మ కథ, కాంభోజరాజు కథ మొదలుపెడితే రెండు రాత్రులైనా తెగేవి కావు. ఎక్కడ ఆపాడో మర్నాడు సరిగ్గా అక్కణ్ణుంచే ఎత్తుకునేవాడు. ఆడపిల్లని గనక నన్ను రాత్రికి కళ్ళంలో ఉండనిచ్చేవాళ్ళు కాదు. అందుకని మా తమ్ముడితో ఒక ఒప్పందం పెట్టుకున్నాను. రాత్రి విన్న కథ పొద్దున్నే వాడు నాకు చెప్పాలి, దానికి నేను వాడి ఎక్కాలు చూసిపెట్టాలి. మొదట్లో వాడు నాలుగు ముక్కల్లో తేల్చేసేవాడు. నేను వదుల్తానా? మాయల ఫకీరు అప్పుడేమన్నాడు, ఆవిడేమంది అని పీకేదాన్ని. సంక్రాంతి వచ్చేసరికి వాడికి కథ చెప్పడం పట్టుబడింది. పెద్దయ్యాక వాడు బడిపంతులు అయ్యాడు. పిల్లలు కదలకుండా వినేవారంటే, ఆ విద్య వాడికి ఏ ట్రెయినింగు కాలేజీలోనూ రాలేదు. కళ్ళంలో మొదలైంది.

మరి ఆడవాళ్ళకో? మధ్యాహ్నం అన్నాలయ్యి, అంట్లు తోమి, మళ్ళీ రాత్రి వంటకి పొయ్యి వెలిగించేలోపు ఉన్నదే వాళ్ళ పొద్దు. వసారాలో చేరి ఒకళ్ళు విస్తళ్ళు కుట్టేవాళ్ళు, ఒకళ్ళు వత్తులు చేసేవాళ్ళు, ఒకళ్ళు ఇంకొకళ్ళ తల దువ్వేవాళ్ళు. చేతులు పనిలో ఉంటే నోరు పాటలో ఉండేది. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల కథ – ఇవన్నీ ఆడవాళ్ళు నోటికి నోరుగా కాపాడుకున్న పాటలు. వాల్మీకం మగవాళ్ళు గుళ్ళో వినేవాళ్ళు. ఊర్మిళ పద్నాలుగేళ్ళు ఏమైందో మా వసారాలో తెలిసేది. అత్తింటి బాధలున్న పిల్ల ఆ పాట దగ్గర కళ్ళొత్తుకుంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చునేవాళ్ళు. నోము పట్టినప్పుడు కథ చెప్పేవాళ్ళు ఒకళ్ళు, చేతిలో అక్షింతలు పట్టుకుని వినేవాళ్ళు పదిమంది. వినేవాళ్ళు లేకపోతే నోము తీరినట్టు కాదు. చెప్పడం ఎంతో వినడం కూడా అంతే పుణ్యమని మన పెద్దవాళ్ళు లెక్కకట్టారు.

ఆటలా? వామనగుంటల పలక చింతగింజలతో గలగలలాడుతూనే ఉండేది. అష్టాచెమ్మాకి గవ్వలు. గచ్చకాయలైతే మా మేనత్తని గెలిచినవాళ్ళు లేరు. రామమందిరం అరుగు బండల మీద పులిజూదం గీతలు ఉలితో చెక్కి ఉండేవి. ఎవరి తాతల నాడు చెక్కారో తెలియదు గానీ, తాతా మనవడూ అదే గీతల మీద ఆడేవాళ్ళు. అట్లతద్దికి తెల్లవారుజామునే లేచి చద్దన్నం తిని ఊయలలూగేవాళ్ళం. కార్తీకంలో కాలువ రేవులో అరటిదొప్పల్లో దీపాలు. దసరాకి బొమ్మల కొలువు. ధనుర్మాసం నెలంతా హరిదాసు, గంగిరెద్దులు, జంగందేవర. ఏడాది పొడుగునా ఏదో ఒకటి గుమ్మంలోకి వచ్చేది, లేదంటే మేమే దాని దగ్గరికి పోయేవాళ్ళం.

రాత్రిపూట రామమందిరంలో పురాణం. శాస్త్రిగారు భారతం చదివి అర్థం చెబుతుంటే ఊళ్ళో రైతులు తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని వినేవాళ్ళు. ఊరుకుని వినేవాళ్ళనుకున్నారా? కర్ణుడి పక్షం కొందరు, అర్జునుడి పక్షం కొందరు. చక్రం కుంగినప్పుడు కొట్టడం ధర్మమా అని ఒకాయన అడిగితే, నిండుసభలో ద్రౌపదికి జరిగింది ధర్మమా అని ఇంకొకాయన. శాస్త్రిగారు పుస్తకం మూసి ఇద్దరికీ జవాబు చెప్పేవారు. మర్నాడు కాలువ గట్టు మీద, దుక్కి దున్నుతూ కూడా అదే వాదన.

అన్నీ బంగారమే అని నేను చెప్పను. ఆ మందిరం మెట్లు ఊళ్ళో అందరినీ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఊరి బయటి పల్లెలోవాళ్ళు దూరంగా రావిచెట్టు కింద నిలబడి వినాల్సి వచ్చేది. మా పాలేరు కథ చెబితే నోరు తెరుచుకుని వినే ఊరు, గుడి దగ్గర అతన్ని ఆమడ దూరంలో ఉంచింది. ఆడవాళ్ళకీ అంతే, పొయ్యి దగ్గర పని తెమిలితేనే పురాణం. మా అమ్మ విన్న భారతమంతా సగంలో వచ్చి కూర్చున్న భారతమే. పాత రోజుల్ని తలుచుకునేటప్పుడు ఇది దాచిపెట్టి చెబితే అది ముచ్చట కాదు, అబద్ధం. మీరు ఆ రోజుల్లోంచి తీసుకోవాల్సింది తీసుకోండి, వదలాల్సింది వదిలెయ్యండి.

కూచిపూడి మాకు బండి మీద పోయేంత దూరం. మొవ్వ పక్కనే కదా. భాగవతుల మేళం ఆడుతున్నారంటే బండ్లలో గడ్డి పరుచుకుని, పిల్లల్ని ఎక్కించుకుని, చక్కిలాలు, మరమరాలు మూట కట్టుకుని వెళ్ళేవాళ్ళం. కాగడాలవాళ్ళు ఇటూ అటూ నిలబడేవాళ్ళు. పాత్ర ప్రవేశించే వేళకి గుగ్గిలం పొడి కాగడా మీద కొడితే భగ్గున మంట లేచి ఆ వెలుగులో ముఖం కనపడేది. భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనక సత్యభామ. ముఖం చూపించకుండా ముందు తన జడ తీసి తెర మీంచి ఇవతలికి వేసేది. నాకు సాటిరాగల వాళ్ళుంటే రండి అని సభకి సవాలన్నమాట. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషం కట్టగా చూశాను. మగవాడని చెబితే మా నాయనమ్మ నమ్మలేదు. తిరిగొచ్చేటప్పుడు బండిలో సగంమంది నిద్ర, సగంమంది సత్యభామని తప్పు పట్టాలా కృష్ణుణ్ణి తప్పు పట్టాలా అని తగువు.

నాటకమంటే పాండవోద్యోగ విజయాలు. తిరుపతి వేంకట కవుల పద్యాలు రాని రైతు మా వైపు లేడంటే అతిశయోక్తి కాదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హైస్కూల్లో పాఠం చెప్పినవారే, విశ్వనాథ సత్యనారాయణగారు అక్కడ ఆయన శిష్యులే. కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళు. ఆయన ఆగి, హార్మోనియం వైపు చూసి, మళ్ళీ మొదటినుంచీ పాడేవాడు. రాయబారానికి బయల్దేరిన కృష్ణుణ్ణి జనం తెల్లవార్లూ హస్తినాపురంలోనే నిలబెట్టేవాళ్ళు. ఆ నాటకం ఎంతసేపు ఆడాలో చూసేవాళ్ళ చేతుల్లో ఉండేది.

మీ తాతగారికి పుస్తకాల పిచ్చి అని మీకు తెలుసు. నాకు ఆ పిచ్చి అంతకుముందే, మా ఊరి గ్రంథాలయంలో పట్టింది. మన జిల్లాలకి గ్రంథాలయాలు ఊరికే రాలేదు. 1914 ఏప్రిల్లో బెజవాడలోనే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్ళు సభ చేసి సంఘం కట్టారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు జన్మంతా దానికే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారైతే ఏటి అవతల పెదవడ్లపూడి కాలువలో పడవకి పుస్తకాలెత్తి ఊరూరి రేవుకీ పంపారు. చదువరి గ్రంథాలయానికి పోలేకపోతే గ్రంథాలయమే రేవుకి వచ్చిందన్నమాట.

మా ఊరి గ్రంథాలయం ఒక్క గది. సాయంత్రం పేపరొచ్చేది. ఒక్క పేపరు, చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు, వినేవాళ్ళు ముప్ఫైమంది. చదివేవాడు గొంతు సవరించుకుని మొదలుపెడితే మధ్యలో ఆపి అర్థం అడిగేవాళ్ళు. చదివేవాడికి తెలియకపోతే ఆ మాట అక్కడే పెట్టుకుని మర్నాడు బడిపంతుల్ని అడిగేవాళ్ళు. ఇంట్లో ఆ పని నాది. 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలైంది. నాకు చదవడం వచ్చేసరికి అది మా ఇంటికి వస్తోంది. లాంతరు కింద కూర్చుని నేను పైకి చదవాలి, నాయనమ్మ వినాలి. రోజూ మాకు కథ చెప్పే మనిషి ఆ పూట నాకు ఊ కొట్టేది! ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకన్నా గౌరవం ఏముంటుంది? తడబడితే ఆవిడ విసుక్కోలేదు. "మళ్ళీ చదువమ్మా, బాగుంది" అనేది. తప్పు చదివానని చెప్పకుండానే తప్పు దిద్దుకునేదాన్ని.

ఇక రేడియో. అది మమ్మల్ని చెదరగొట్టలేదు, ఇంకా దగ్గరికి చేర్చింది. 1948 డిసెంబరు 1న బెజవాడలో రేడియో కేంద్రం పెట్టారు. అప్పటిదాకా తెలుగు వినాలంటే మద్రాసే గతి. బందరు రోడ్డు మీద పున్నమ్మతోటలో ఉంది చూడండి, ఆకాశవాణి, అదే. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, బాలమురళీకృష్ణగారు, ఓలేటి వెంకటేశ్వర్లుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు – ఇంతమంది అక్కడ పనిచేశారు. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే వీధి ఈ చివర బయల్దేరిన మనిషి ఆ చివరికి వెళ్ళేసరికి పాట తెగకుండా వినేవాడు. ప్రతి ఇంట్లోంచీ అదే పాట.

మా ఊళ్ళో మొదట పంచాయతీ ఆఫీసులో పెట్టారు, బయట స్తంభానికి లౌడ్‌స్పీకరు. సాయంత్రం పొలంనుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని అక్కడ చేరేవాళ్ళు. ఆ లౌడ్‌స్పీకరు ఒక మంచి పని చేసింది. గుడి మెట్లెక్కనివ్వని మనుషులకి కూడా అదే గొంతు అంతే గట్టిగా వినిపించింది. ఊరంతా ఒకే విషయం ఒకే వేళకి విన్నది అప్పుడే అనుకుంటాను.

తరవాత మా నాన్న ఇంటికి తెచ్చాడు. చెక్కపెట్టె, ముందు గుడ్డ, లోపల వాల్వులు. మీట తిప్పగానే పలికేది కాదు, లోపల వేడెక్కాలి. ఆకుపచ్చ కన్ను ఒకటి మెల్లిగా వెలిగేది, దానికోసం అందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. పెంకుల మీంచి ఏరియల్ తీగ లాగారు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఇరుగుపొరుగు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు, అమ్మ మజ్జిగ ఇచ్చేది. నాటకం వస్తుంటే మనుషులు కనపడరు గదా, ఒక్కొక్కళ్ళం ఒక్కొక్క రూపం ఊహించుకునేవాళ్ళం. అయ్యాక ఆ గిరీశం ఎలా ఉంటాడంటే నీకూ నాకూ తగువు. చెవికి వినపడింది సగమే, మిగతా సగం మేము కట్టుకున్నదే.

నాకు పెళ్ళయ్యి బెజవాడ సత్యనారాయణపురం వచ్చాను. పట్నవాసం కదా, సినిమాలకేం తక్కువ. 1921లోనే మారుతీ హాలు వెలిసిన ఊరు ఇది. గాంధీనగరంలో అడుగుకో హాలు. కానీ టిక్కెట్టు డబ్బులు అందరికీ ఎక్కడివి? మా వాటాల ఇళ్ళల్లో ఒకావిడ మాటినీకి వెళ్ళిందంటే మర్నాడు మధ్యాహ్నం నూతిగట్టు దగ్గర మాకందరికీ ఆవిడే సినిమా. పాటలతో సహా, ఏడుపులతో సహా. ఎన్ని సినిమాలు నేను ఆవిడ నోటితోనే చూశానో! కొన్ని తరవాత హాల్లో చూస్తే ఆవిడ చెప్పినంత బాగా లేవు. వారపత్రిక ఒక ఇంట్లో కొంటే ఏడిళ్ళు తిరిగేది. సీరియల్లో వచ్చేవారం ఏమవుతుందోనని పందేలు. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు, సందు చివర అద్దె నవలల బంకు. సాయంకాలం ఉక్కపోస్తే అందరం కలిసి బ్యారేజీ మీదికి గాలికి పోయేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారు. 1973 తరవాతి సంగతి ఇది. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. రేడియోలో ఆయన రామాయణ భారతాలు చెబుతుంటే అన్నం ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి ఎండిపోతున్నా లేచేవాళ్ళు కాదు. జనం ధర్మసందేహాలు ఉత్తరాల్లో రాసి పంపేవాళ్ళు, ఆయన రేడియోలో జవాబు చెప్పేవారు. చూశారా, మా ఊరి మందిరంలో రైతు అడిగిన ప్రశ్న పోస్టుకార్డు ఎక్కింది. రేడియోలో కూడా వినేవాళ్ళకి నోరు ఉండేది.

ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టమైన సంగతి. 1977 అక్టోబరు 23న హైదరాబాదులో టీవీ కేంద్రం మొదలైంది. నెల తిరక్కముందే, నవంబరు 19న, దివిసీమని ఉప్పెన ముంచింది. 10,000 మందికి పైగా పోయారు. బెజవాడలో మాకు అది ట్రాన్సిస్టర్ రేడియోలోనే తెలిసింది. నాగాయలంక వైపు మా పెద్దమ్మ కుటుంబం ఉంది. వాళ్ళలో మిగిలినవాళ్ళు కొన్నాళ్ళకి మా ఇంటికి వచ్చారు. మా పెద్దమ్మ కొడుకు తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా వేళ్ళాడి బతికాడు. మొదట్లో అసలు నోరు విప్పలేదు. ఒక రాత్రి అన్నాలయ్యాక వసారాలో తనంతట తనే మొదలుపెట్టాడు. నీళ్ళు ఎలా వచ్చాయి, చేతిలోంచి ఎవరి చెయ్యి జారింది, తెల్లారి ఏమి చూశాడు. ఎవరూ ఓదార్పు మాటలు చెప్పలేదు. మీ తాత "ఊ" అన్నాడు. కొంతసేపటికి మళ్ళీ "ఊ" అన్నాడు. మర్నాడు రాత్రి మళ్ళీ అదే కథ, మళ్ళీ అదే ఊ. చాలా రాత్రులు అలాగే గడిచాయి. మెల్లిగా అతను అన్నం తినడం మొదలుపెట్టాడు, పొలం మాట ఎత్తాడు. చిన్నప్పుడు ముద్దల దగ్గర నేర్చుకున్న విద్య ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. ఒక మనిషి గుండెలో ఉన్నది దించుకోవాలంటే ఎదురుగా కూర్చుని వినేవాడు కావాలి. ఎంతమందిమిరా బాబూ, వినడం వచ్చినవాళ్ళం అప్పుడు!

టీవీని తిట్టడానికి ఇదంతా చెప్పలేదు. దేశంలో అది పల్లెల్లోకి వచ్చినప్పుడు కూడా పదిమందికీ కలిపే వచ్చింది. 1975లో ఏడాదిపాటు అమెరికావాళ్ళ ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీలిచ్చారు, మన రాష్ట్రమూ అందులో ఉంది. ఊరికొక పెట్టె, ఊరంతా దాని ముందు. మా వీధికి వచ్చాకా అంతే. 1987 జనవరి 25న రామాయణం మొదలైతే ఆదివారం పొద్దున్నే టీవీ ఉన్న ఇంటి గుమ్మంలో చెప్పులు పట్టేవి కావు. హిందీ రాని మా అత్తగారికి పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్పేదాన్ని. శుక్రవారం చిత్రలహరికీ అదే సందడి. నేనూ చూశాను, నాకూ ఇష్టమే.

తరవాత 1995 నాటికి తెలుగు ఛానళ్ళు వచ్చాయి. ఇంటికొక టీవీ అయింది, ఆపైన గదికొకటి, ఇప్పుడు చేతికొకటి. లాంతరు ఒకటే ఉన్నప్పుడు చీకటి మమ్మల్ని ఒక చోటికి తోలింది. ఇప్పుడు ప్రతి గదిలోనూ వెలుతురుంది గనక ఎవరినీ ఎవరూ తోలక్కర్లేదు. మనంతట మనమే రావాలి. అదే కష్టం.

నాకు బెంగగా ఉన్నది ఒకటే విషయం. మా రోజుల్లో వినోదానికి మాతో పని ఉండేది. కథకి ఊ కావాలి, పురాణానికి ప్రశ్న కావాలి, పద్యానికి వన్స్‌మోర్ కావాలి, రేడియో నాటకానికి మా ఊహ కావాలి. మేము లేకపోతే అది నడవదు. టీవీ అలా కాదు. మీరు చూసినా అదే చెబుతుంది, నిద్రపోయినా అదే చెబుతుంది, ఇంట్లో ఎవరికి జ్వరమో దానికి తెలియదు. దాని ముందు కూర్చుని కూర్చుని మనం ఊ కొట్టడం మరిచిపోయాం. మీ నాన్న ఆఫీసునుంచి వచ్చి ఏదో చెప్పబోతాడు, ఎదురుగా ఉన్నవాళ్ళు "ఊ" అంటారు, కళ్ళు మాత్రం ఫోన్లో. మనిషికి తెలిసిపోతుంది నాన్నా, ఎదుటివాడు నిజంగా వింటున్నాడా లేదా అన్నది. రెండుసార్లు చూస్తాడు, మూడోసారి చెప్పడం మానేస్తాడు. ఇళ్ళల్లో మాట అలాగే తగ్గిపోతుంది.

అందుకని నేను అడిగేది పెద్ద పని కాదు. పెట్టెలూ ఫోన్లూ అవతల పారెయ్యమనను. సంక్రాంతికి మీరంతా ఇక్కడున్న నాలుగు రోజులూ రాత్రి అన్నాలయ్యాక ఈ మంట దగ్గర గంటసేపు కూర్చుందాం. ఇవాళ నేను చెప్పాను. రేపటి వంతు పెద్దోడిది. హాస్టల్లో జరిగింది చెబుతావో, చదివిన కథ చెబుతావో, చూసిన సినిమానే చెబుతావో నీ ఇష్టం. చందమామ పాతసంచిక బీరువాలో ఉంది, ఎల్లుండి చిట్టితల్లి దాన్ని పైకి చదవాలి, తడబడినా ఎవరూ నవ్వకూడదు. కోడలుపిల్లా, నువ్వు సగంలో రావడం నాకు ఇష్టం లేదు. అంట్లు అందరం కలిసి తోముదాం, నువ్వు మొదట్నుంచీ కూర్చోవాలి. పెద్దోడా, మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతాం, బాగుంటే వన్స్‌మోర్ అంటాం. తయారై రా.